సగం కోసిన పట్టా

సరిగ్గా సగంలో కరెంటు పోయింది. రేకును రాళ్ళ మీద ఈడ్చినట్టు అరుస్తున్న గ్రైండరు ముందు బొంగురుపోయి, తర్వాత మూలిగి, ఆఖరికి డిస్కు తిరగడం తగ్గి తగ్గి ఆగిపోయింది. ఉక్కు పట్టాలో సగం దాకా దిగిన సన్నటి కోత, కోత అంచున చల్లారుతున్న ఎరుపు, దాని పక్కన నెమలికంఠం రంగు. డిస్కు వంకరపోకుండా రెండు చేతులతో నిటారుగా పైకి లాగి, గ్రైండరును పక్క బల్ల మీద పడుకోబెట్టి, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, స్టూలు మీద కూలబడ్డాను. చెవుల్లో ఇంకా జోరుమని ఉంది. ఆ జోరు మెల్లగా దిగిపోతుంటే, నీళ్ళు ఇంకాక రాయి బయటపడ్డట్టు, వంటింటి కిటికీలోంచి ఒక నవ్వు బయటపడింది. మా అత్తగారి నవ్వు. నోరు ఒక పక్కకు లాగేసిన తర్వాత ఆవిడ నవ్వడం మానేసిందనుకున్నాను. మానలేదన్నమాట, నా ఎదుట మానేసింది. కళ్ళద్దాల అల్లుడు వంటింట్లో నేల మీద బోర్లా పడుకుని కొలతలు గీసుకుంటూ ఏదో అన్నాడు, ఆవిడ నవ్వింది. ఏమన్నాడో వినబడలేదు. వినబడితే ఇంత మంట ఉండేది కాదేమో. అందులో నవ్వడానికేమీ లేదని తేల్చుకుని ఊరుకునేవాణ్ణి.

మేం తోడల్లుళ్ళం. అక్కను నేను చేసుకున్నాను, చెల్లెల్ని వాడు చేసుకున్నాడు. నన్ను అన్నయ్యా అనే పిలుస్తాడు. ఆ పిలుపులో ఒక్క పుల్లముక్క దొరికినా పంటికింద పెట్టుకుని ఏళ్ళ తరబడి నమిలేవాణ్ణి, దొరకదు. చుట్టాలు మా ఇద్దరికీ గుర్తులు పెట్టుకున్నారు. నేను గేట్ల అల్లుణ్ణి, వాడు కళ్ళద్దాల అల్లుడు. వాడి పెళ్ళి ఫొటోలో నేను చేతులు వెనక్కి పెట్టుకుని ఉంటాను, ఇప్పుడు చూసినా ఎవరో పోలీసులు పట్టుకొచ్చినవాడిలా ఉంటాను. గేట్లూ కిటికీ ఊచలూ చేసేవాడి చేతులు మరి ఇంకెలా ఉంటాయి. వాడి చేతులు ఎవరి ముక్కు మీదో జోడు సర్దడానికే పుట్టినట్టుంటాయి. రోజంతా మనుషుల మొహాలకు అంత దగ్గరగా వెళ్ళి, గడ్డం పట్టుకుని ఎత్తి, ఇప్పుడు కనబడుతోందా, ఇప్పుడో, అని అడిగే కళ్ళజోళ్ళ అంగడి పని. ఎవరికి మాత్రం ఇష్టం పుట్టదు? నేను వెల్డింగ్ మంట వెలిగించగానే అందరూ మొహం తిప్పుకుంటారు. బడి మానేసి గేట్ల షెడ్డులో చేరినప్పటినుంచీ నా బతుకంతా మనుషులు మొహం తిప్పుకోవడం చూడటంతోనే సరిపోయింది. ఒకసారి అత్తగారే అంది, వాడింకా ఈ ఇంటికి రాకముందు, పెద్దల్లుడి చేతిలో ఇనుము వెన్నముద్దే అని, ఎవరో పక్కింటావిడతో. ఆ మాట నేను గోడ ఇవతల నుంచి విన్నాను. ఆ రోజు నేను బిగిస్తున్న గేటు ఇప్పటికీ కిర్రుమనదు.

ఇంకా వేడిగానే ఉందేమో అని పట్టాకు అరచెయ్యి దగ్గరగా పెట్టి చూశాను. కోత దగ్గర సెగ కొడుతోంది, జానెడు అవతల తడిగుడ్డ చుట్టినచోట చల్లగానే ఉంది. బాగానే కాశాను కాపలా. మెత్తటి ఇనుము అయితే ఈ లాలనలు అక్కర్లేదు, కోసి పారేస్తాం. ఇది వేరే జాతి. పైపొర గాజులా గట్టి, నొక్కి కోస్తే ఉడికిపోయి ఉన్న గట్టితనం కాస్తా వదిలేస్తుంది. కాసేపు కోసి, కాసేపు ఆగి, మళ్ళీ కోయాలి. ఆగినప్పుడల్లా లోపలి మాటలు వినబడతాయి. అదీ నా ఖర్మ.

అత్తగారు మా దగ్గరే ఉంటుంది. మామగారు పోయినప్పటినుంచీ. చూసుకునేవాణ్ణి నేను, ఆవిడ ఎదురుచూసేది వాడికోసం. కాలూ చెయ్యీ ఒక పక్క పడిపోయినరోజు ఆవిడను రెండు చేతుల మీద ఎత్తుకుని ఆటో కోసం వీధి చివరిదాకా పరిగెత్తింది నేను. వాడు సాయంత్రం వచ్చి, మంచం పక్కన కూర్చుని, జుట్టు సవరించాడు. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చాక అందరికీ వాడు జుట్టు సవరించడమే గుర్తుంది. పెరటిచెట్టు వైద్యానికి పనికిరాదంటారు. పనికిరాకపోతే పోయింది, బట్టలారేసుకోవడానికి మాత్రం పనికొస్తుంది, అదే నిజమైంది కూడా. ఆవిడకు వంటిల్లంటే ప్రాణం. మంచంలో పడుకునే, ఉప్పు ఎక్కువైందే, వాసనకే తెలుస్తోంది, అని మా ఆవిడ మీద కేకలేస్తుంది. అందుకని నేనొక ఆదివారం కూర్చుని మంచం దగ్గర్నుంచి వంటింటి గట్టు చివరిదాకా గోడకు గొట్టం బిగించాను. మంచి గొట్టం. కీళ్ళ దగ్గర అరచేతికి గరుకు తగలకుండా ఆకురాయి పట్టి పట్టి నున్నగా చేశాను. అది పట్టుకుని నడవాలి ఆవిడ. ఒకసారి పట్టుకుంది. మధ్యదాకా వెళ్ళి, మోకాలు జారి, మా ఆవిడ భుజం మీద వాలిపోయి, చాల్లే నాయనా, అంది. అంతే. మర్నాటినుంచి ఆ గొట్టం మీద తువ్వాళ్ళు ఆరుతున్నాయి. నేను చేసినవాటిలో అంత నున్నటి పని ఇంకోటి లేదు, దాని మీద తడి తువ్వాళ్ళు.

వాడొచ్చి చూశాడు. గొట్టం వైపు చూశాడు, తువ్వాళ్ళ వైపు చూశాడు, అత్తగారి వైపు చూశాడు. నడవడమెందుకు అత్తయ్యా, కూర్చునే వెళ్దురుగాని, అన్నాడు. అంతే వాడన్నది. గట్టు పొడవునా నేల మీద రెండు పట్టాలు, పట్టాల మీద జారే ఉక్కు బండ్లు, బండ్ల మీద కుర్చీ. బాగున్న చేత్తో గట్టు అంచు పట్టుకుని లాగితే పొయ్యి దగ్గర్నుంచి తొట్టి దాకా తనంతట తనే జారిపోతుంది. మిగతావాళ్ళం తట్టుకుని పడతాం కదా అన్నాను నేను. పట్టాల మధ్య చెక్క పరిచేద్దాం అన్నయ్యా, సమానంగా, అన్నాడు. మా ఆవిడ నా వైపు చూసింది. అయిదారు గదుల ఇంటికి గేటు చేసేవారు, మీకెందుకు తట్టలేదు అన్నట్టు చూసింది. అననే లేదు. అనకపోయినా నాకు వినబడింది. ఇనుముతో ఇన్నేళ్ళు కాపురం చేసినవాణ్ణి నేను, కుర్చీ తట్టింది కళ్ళజోళ్ళు అమ్మేవాడికి. ఎలా తట్టింది? నేను నడిపించాలనుకున్నాను. గొట్టం పట్టుకుని ఆవిడ నడిస్తే, చూడండి, పెద్దల్లుడు నడిపించాడు అని నలుగురూ అనుకోవాలని. వాడు ఆవిడకేం కావాలో చూశాడు. ఇలాంటివి వాడు పొద్దస్తమానం చేసే పనే. ఇప్పుడు కనబడుతోందా, ఇప్పుడో.

పట్టాలు పాత ఇనుము అంగడిలో దొరికాయి, ఏదో పెద్ద యంత్రం విప్పేస్తే వచ్చినవి. చాలా పొడుగు, మా గట్టుకు సరిపోయేలా కోయాలి. అది మాత్రం అన్నయ్యే చేయగలడు, అన్నాడు వాడు అందరి ముందూ. షెడ్డులో చేస్తే తోటివాళ్ళు అడుగుతారు ఏమిటిది, ఎవరి ఆలోచన అని. అందుకే ఇంటికి తెచ్చి పెరట్లో రేకుల కింద బల్ల వేసుకున్నాను. ఇది హాక్సాకు లొంగదట అన్నయ్యా, డిస్కుతోనే కోయాలట, చూశాను, అన్నాడు. ఎక్కడ చూశాడు, ఫోన్‌లో చూసి ఉంటాడు. నాకు ఒళ్ళు మండింది. వాడు వెళ్ళాక కొత్త బ్లేడు బిగించి హాక్సాతో మొదలుపెట్టాను. ముందుకు తోస్తే జారింది. ఇంకా గట్టిగా తోస్తే కీచుమంది. తీసి చూస్తే పట్టా మీద గోరుతో గీకినంత గుర్తు కూడా లేదు, బ్లేడు పళ్ళు మాత్రం ముసలి నోరైపోయాయి. ఆ బ్లేడును ఎవరికీ కనబడకుండా చెత్తలో అడుగున పెట్టాను. మెత్తటి ఇనుము నా మాట వింటుంది, అందుకని అన్ని ఇనుములూ వింటాయనుకున్నాను.

వాడొక జోడు కూడా తెచ్చాడు. నిప్పురవ్వలు పడకుండా పక్కలు కూడా మూసుకుపోయే కళ్ళజోడు. నాకున్నాయి, అన్నాను. నా దగ్గరున్నవి గీతలు పడిపోయి పాలపొరలా ఉంటాయి, పైగా చత్వారం వచ్చినప్పటినుంచీ నాకు దగ్గరి గీత రెండుగా కనబడుతోంది, ఆ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. షెడ్డులో కొలతబద్దను చెయ్యి చాచి చూస్తాను, పొడుగుచేతులవాడిలా. వాడు ఎప్పుడు గమనించాడో. పోయినసారి వచ్చినప్పుడు, ఈ అక్షరాలు చదవండి అన్నయ్యా, ఊరికే, అని ఏదో అట్ట చూపించాడు. ఊరికేనట. ఈ జోడు పెట్టుకుంటే పట్టా మీద సుద్దగీత వెంట్రుకంత సన్నగా కనబడుతోంది. నా కళ్ళకు సరిపోయే అద్దాలు పెట్టి చేయించాడు. ఇన్నేళ్ళకు నా చేతి మీద మచ్చలు నాకు విడివిడిగా కనబడ్డాయి. అదేం సంతోషమో తెలియదు, పొద్దున్నుంచీ వాడి అద్దాల్లోంచే వాణ్ణి తిట్టుకుంటున్నాను, తిట్టుకున్నంతసేపూ బాగా కనబడుతున్నాడు.

మా ఆవిడ నిన్న రాత్రి పక్క దులుపుతూ అంది, మా మరిదంటే ఎందుకండీ అంత కుళ్ళు మీకు, ఆయనేం లాక్కున్నాడు మీ దగ్గర్నుంచి, అని.  లాక్కుంటే బాగుండేది. లాక్కున్నవాడి మీద తిరగబడొచ్చు. వీడు ఏమీ లాక్కోడు. పెట్టి పోతుంటాడు. పెట్టినచోటల్లా నాది చిన్నదైపోతుంది.

మళ్ళీ నవ్వు. ఈసారి మా ఆవిడ కూడా నవ్వింది. మరదలి గొంతు ఏదో అడ్డుపడింది, ఊరుకోండి మీరు, అంటోంది మొగుణ్ణి. గిన్నె చప్పుడు. ఏదో కూర తాలూకు వాసన. కరెంటు లేకపోతే లేకపోయింది, వాళ్ళకేం, పొయ్యి వెలుగుతూనే ఉంది. నేను ఇక్కడ రేకు కింద, చెమటలో, సగం తెగిన ఇనుముతో. పట్టా ఇవతలి చివర, నా చేతికందేంత దగ్గర, తెగిపోయేవైపు కాదు మిగిలేవైపు చివర, రెండు ఉక్కు బండ్లున్నాయి, ప్లాస్టిక్ కాగితం చుట్టి మూతులకు టేపు వేసి పెట్టాను. వాటిని పట్టా మీంచి బయటికి జార్చకూడదు. జారిస్తే లోపల వరసగా ఉండే ఉక్కు పూసలన్నీ జలజలా రాలిపోతాయి, మళ్ళీ ఏరి పెట్టడం ఎవడి తరమూ కాదు. అందుకే వాటిని చివరికి తోసి, మూట కట్టినట్టు కట్టాను. ఆ పూసల మీదే కుర్చీ జారేది. డిస్కు అరిగి రాలే రాయిపొడి ఒక్క చిటికెడు లోపలికి పోయిందా, ఇక అంతే.

ఒక్క చిటికెడు. చూస్తూ కూర్చున్నాను దాన్ని. నా గోరు టేపు అంచు దగ్గరికి ఎప్పుడు వెళ్ళిందో నాకు తెలియదు అంటే అబద్ధం. తెలుసు. గోరుతో గీకి, అంచు లేపి, మెల్లగా లాగాను, పుండు మీద కట్టు ఊడదీసినట్టు. కాగితం నోరు తెరిచింది. లోపల నూనె మెరిసింది. ఎవరికి తెలుస్తుంది? పాత సరుకు, ముందే అరిగిపోయి ఉంటుందనుకుంటారు. కుర్చీ మొదట్లో బాగానే జారుతుంది, అత్తగారు గట్టు పొడవునా మహారాణిలా తిరుగుతుంది, చిన్నల్లుడి బుర్రే బుర్ర అని వీధంతా చెబుతుంది. తర్వాత గరగరమంటుంది. తర్వాత ఒకరోజు గట్టు మధ్యలో పట్టేస్తుంది. అప్పుడు వాడు అక్కడ ఉండడు, వాడి అంగట్లో ఎవరి గడ్డమో ఎత్తి పట్టుకుని ఉంటాడు. ఆవిడ ఎవర్ని పిలవాలి? నన్నే. పెద్దల్లుడూ, ఇది కదలడం లేదు నాయనా. నేను వెళ్తాను. నేనూ నా పనిముట్లూ. ఏదో చేస్తాను. ఏం చేస్తానన్నది అంత స్పష్టంగా లేదు, ఆ పిలుపు మాత్రం చాలా స్పష్టంగా ఉంది, దాన్ని మళ్ళీ మళ్ళీ విన్నాను, నోట్లో బెల్లంముక్క పెట్టుకున్నట్టు. అయితే ఆ బొమ్మ అక్కడితో ఆగలేదు. కుర్చీ ఆగింది పొయ్యి ఎదురుగా. పొయ్యి వెలుగుతోంది. చీర కొంగు పడిపోయిన చెయ్యివైపు వేలాడుతోంది, ఆ చెయ్యి దాన్ని తీసుకోలేదు, బాగున్న చెయ్యి గట్టు పట్టుకుని లాగుతోంది, లాగుతోంది, కుర్చీ రావడం లేదు. ఇంట్లో ఎవరూ లేరు. ఆ బొమ్మను అక్కడే మూసేశాను. అలా జరగదులే అనుకున్నాను. పొయ్యి దగ్గరే ఎందుకు ఆగుతుంది, తొట్టి దగ్గర ఆగొచ్చుగా. టేపును మాత్రం తిరిగి అతికించలేదు.

"ఏమే, చప్పుడు లేదు?" అత్తగారి గొంతు కిటికీలోంచి, పక్కకు లాగిన నోటితో మాట్లాడే తడిసిన మాట. "పెద్దల్లుడు ఇనుమును కోస్తున్నాడో, ఇనుమే పెద్దల్లుణ్ణి కోస్తోందో, ఒకసారి చూసిరండర్రా."

అందరూ నవ్వారు. ఈ మాటకు నాకూ నవ్వు వచ్చేదే, ఇంకో రోజయితే. చెప్పుల చప్పుడు. వాడే. నేను తడిగుడ్డను ఊడిన టేపు మీదికి లాగాను.

"అన్నయ్యా, కరెంటు ఎప్పటికొస్తుందో ఏమో. లోపలికి రారాదూ, టీ పెడుతున్నారు."

"పని మధ్యలో వదిలి రాను."

"నేనూ అదే చెప్పాను. వదినే పంపింది." మోకాళ్ళకు వంటింటి దుమ్ము, చెవి మీద పెన్సిలు, నా పెన్సిలే. బల్లకు అవతలి పక్కన నిలబడి వంగి కోత వైపు చూశాడు. చెయ్యి పెట్టకుండా చూశాడు, అది గమనించాను, పెట్టి కాల్చుకుంటాడేమో అని కాసేపు ఎదురుచూశాను కూడా. "అబ్బ, గీత పక్కకి ఒక్క వెంట్రుక కూడా పోలేదు."

"జోడు బాగుందిలే," అన్నాను, అనకూడదనుకుంటూనే.

"జోడుకి కోత రాదు కదన్నయ్యా." మళ్ళీ వంగాడు. "మీరు గోడకి పెట్టిన గొట్టం ఉంది చూశారా, దానికే కుర్చీ వీపు తగిలిద్దామనుకుంటున్నా. జారే కొక్కెంలా. లేకపోతే అత్తయ్య ముందుకు వంగినప్పుడు కుర్చీ తిరగబడుతుంది. రాత్రంతా దీని గురించే నిద్ర పట్టలేదు. గొట్టం ఉండబట్టి సరిపోయింది."

నా గొట్టం కూడా పోయింది, అనుకున్నాను. తువ్వాళ్ళకైనా మిగిలింది అనుకుంటే ఇప్పుడు వీడి కుర్చీకి తోక అయింది. గొట్టం ఊడొస్తుందేమో చూసుకో మరి, అందామనుకున్నాను. నా గొట్టం ఊడిరాదు. ఏనుగు వేలాడినా ఊడిరాదు. ఆ మాట అబద్ధానికైనా నోట్లోంచి రాలేదు. వాడు మాట్లాడుతూనే ఒక చెయ్యి గ్రైండరు మీద ఆనించాడు, ఆవు వీపు మీద వేసినట్టు. ఎక్కడో టక్కుమంది. చల్లారే ఇనుము అప్పుడప్పుడూ అలాగే అంటుంది.

"దాని మీద చెయ్యెందుకయ్యా?" అన్నాను. "ఒకరి పనిముట్టు ఇంకొకరు ముట్టుకోకూడదు."

"తప్పే అన్నయ్యా." చెయ్యి తీసేశాడు. ఒక్క క్షణం నా మోకాళ్ళ వైపు చూశాడు, నేను కూర్చున్న తీరును చూస్తున్నాడనుకున్నాను. "కొంచెం ఇటు జరిగి కూర్చోండి. అక్కడ ఎండ పడుతోంది," అన్నాడు. ఎండే కదా, కరిగిపోతానా, అన్నాను. జరగలేదు. వాడు లోపలికి వెళ్ళిపోయాడు. చెప్పులు గడప దగ్గర విడిచిన చప్పుడు. నేను వాడి వీపు మాయమైనచోటే చూస్తున్నాను. నాకు ఎండ పడుతోందట. మొన్న ఇదే గ్రైండరును చేతిలో అటూ ఇటూ తిప్పి, ఈ మీట ముందుకు తోస్తే అక్కడే ఉండిపోతుందేం అన్నయ్యా, వేలు తీసినా ఆగదా, మధ్యలో కరెంటు పోయొస్తే ఎలా, అని చిన్నపిల్లాడిలా అడిగినవాడు. పోగానే వెనక్కి లాగెయ్యాలి, లాగకపోతే వచ్చినప్పుడు అదే లేచి కాళ్ళ మీదికొస్తుంది, ఇది అద్దాలు తుడిచే గుడ్డ కాదు, అని అందరిముందూ అన్నాను. మరదలు మొహం చిన్నబుచ్చుకుంది. వాడు మాత్రం గుర్తుపెట్టుకుంటానన్నయ్యా అన్నాడు. ఆ రోజు రాత్రి నాకు అన్నం సహించింది.

కరెంటు వచ్చింది.

ముందు వంటింట్లో ఫ్యాను, తర్వాత ఫ్రిజ్జు కుదుపుతో మూలగడం, ఎవరింట్లోనో రేడియో పాట మధ్యలోంచి అందుకోవడం, రేకుల కింద నా బల్బు. అన్నీ ఒక్కసారి వాటి వాటి పని అందుకున్నాయి. నేను జోడు దించుకుని గ్రైండరు అందుకున్నాను, బొటనవేలితో మీట ముందుకు తోశాను. డిస్కు తిరిగింది.

ఆపేశాను.

ముందుకు తోశాను. అంటే వెనక్కి ఉంది. చేతిలో గ్రైండరు పట్టుకుని అలాగే నిలబడ్డాను. కరెంటు పోయినప్పుడు నేను డిస్కును పైకి లాగాను. రెండు చేతులతో లాగాను. ఒక చెయ్యి వెనక మొద్దు మీద, ఇంకో చెయ్యి పక్క పిడి మీద. బొటనవేలు ఎక్కడుంది? లోపల ఆవిడ నవ్వింది, నేను కళ్ళజోడు తోసుకున్నాను, కూర్చున్నాను. నేను లాగలేదు. ఎంత వెతికినా ఆ లాగిన గుర్తు లేదు. బల్ల వైపు చూశాను. డిస్కు పడుకున్నచోట దుమ్ములో సగం చందమామలా అచ్చు పడి ఉంది. దాని మూత లేని నోరు నా స్టూలు వైపు. నేను టేపు లాగుతూ, అత్తగారి పిలుపు వింటూ, బెల్లం చప్పరిస్తూ కూర్చున్నంతసేపూ అది నా మోకాళ్ళకు ఎదురుగా నోరు తెరుచుకుని కరెంటు కోసం కాచుకుని ఉంది. ఏ నిమిషంలోనైనా వచ్చేదే. టక్కుమన్నది ఇనుము కాదు. వాడే చెప్పకుండా మీట వెనక్కి లాగేశాడు. ఎందుకు లాగావు అని నేను అడగకుండా గొట్టం సంగతి ఎత్తాడు. ఆనక కూడా నమ్మకం చాలక, ఎండ పడుతోంది జరగమన్నాడు.

ఇప్పుడు చెబుతాడు. కిటికీకి దగ్గరగా జరిగి చెవి పెట్టాను, సిగ్గు విడిచి. చెప్పాలి. నేనైతే చెప్పేవాణ్ణి. ఇంత పెద్ద మేస్త్రి, మీట వెనక్కి లాగడం మర్చిపోయాడు, నేను చూడబట్టి సరిపోయింది గాని. చెప్పు. నీ పెళ్ళాం ముందు నేనన్న మాటకు బదులు తీర్చుకో. చెప్పావంటే నేను లోపలికి వచ్చి నిన్ను నానా మాటలూ అంటాను, ఇద్దరం కేకలేసుకుంటాం, ఆ తర్వాత నాకు హాయిగా ఉంటుంది.

"ఏమంటున్నాడు?" అత్తగారు అడిగింది.

"సగమైంది అత్తయ్యా. గీత మీదే దిగుతోంది. అన్నయ్య ఉన్నాడు కదా, మనం చూసుకోనక్కర్లేదు."

అంతే. మర తిప్పుతున్న చప్పుడు మొదలైంది. నేను ఇంకా కొంచెంసేపు నిలబడ్డాను, ఏమైనా మిగిలి ఉందేమో అని. గొంతు తగ్గించి చెబుతాడేమో అని. మరదలు టీ గ్లాసులు కడుగుతోంది. ఎవరూ గొంతు తగ్గించలేదు.

తడిగుడ్డ తీశాను. కాగితం మూతి తెరుచుకునే ఉంది. నోటితో ఊదబోయి ఆగాను, తడి పోతుంది లోపలికి. చొక్కా లోపలివైపు శుభ్రంగా ఉన్నచోట వేలికి చుట్టుకుని, అంచులన్నీ తుడిచాను, ఆ అద్దాల్లోంచి ఒక్కో రవ్వనూ చూసి చూసి తీశాను. పాత టేపు దుమ్ము పట్టి అంటలేదు. కొత్తది చింపి ఒక చుట్టు వేశాను, దాని మీద ఇంకో చుట్టు, పక్కనున్న రెండో బండికి కూడా వేశాను, అది ఊడకపోయినా. వేస్తున్నంతసేపూ మెత్తబడలేదు నా మనసు. ఎవరైనా అలా అనుకుంటే పొరపాటు. ఇంకా గట్టిపడింది. వాణ్ణి చూసి కుళ్ళుకోవడానికి ఇన్నాళ్ళూ నాకు కనీసం ఒక చోటుండేది, ఇనుము దగ్గర వాడు నా కన్నా తక్కువ అనే చోటు. దాన్ని కూడా టక్కుమని తీసుకెళ్ళిపోయాడు, తీసుకెళ్ళినట్టు ఎవరికీ చెప్పకుండా.

పట్టా చల్లబడింది. తెగిపోయేవైపు ముక్క బరువుకు కోత మూసుకుని డిస్కును కరుచుకోకుండా, ముక్క కిందికి వాలి విడిగా పడేలా చూసుకుని, పక్కకు నిలబడి, మీట తోశాను. రవ్వలు కింద పెట్టుకున్న తడి ఇసుక బాల్చీలోకి వాన పడ్డట్టు పడ్డాయి. నొక్కలేదు. బరువంతా దానికే వదిలేశాను. కాసేపు కోసి ఆగాను. మళ్ళీ కోశాను. ఆఖర్న గొంతు మారింది, ఇంకాస్తే ఉందన్నప్పుడు మారుతుంది, ముక్క తల వాల్చి ఇసుకలో పడి చుయ్యిమంది.

"అయిందా నాయనా?" కిటికీలోంచి అత్తగారు, నన్నే.

"ఇంకో పట్టా ఉంది," అన్నాను.

మీట వెనక్కి లాగాను. టక్కుమంది, చాలా స్పష్టంగా. ప్లగ్గు కూడా పీకి, తీగ పైకెత్తి పట్టుకుని, కిటికీ వైపు తిరిగాను. వాడు అటు తిరిగి కుర్చీ కాలికి మర బిగిస్తున్నాడు, చెవి మీద నా పెన్సిలు. నా వైపు చూడలేదు. చూసినా బాగుండేది.